పావు చుట్టు

ఆ ఉదయం ఆకాశం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. నాలుగు నెలలు సముద్రం మీద కడుపుబ్బరంతో కూర్చున్న మబ్బులు రాత్రికి రాత్రే ఎటు పోయాయో పోయాయి. తూర్పున సన్నటి తెల్లచార ఒకటి మిగిలింది, ఎండెక్కేసరికి అదీ కరిగింది. గాలి పడిపోయింది. నీళ్ళు తేరుకుని అడుగున ఇసుక కనిపించసాగింది. అంటే సీజను మొదలైందన్నమాట. ఇక లోకంలో ఉన్న మేధావులంతా మా షాపు ముందు దిగుతారన్నమాట.

నేను ఆ డైవింగ్ స్కూల్లో గాలి నింపేవాణ్ణి. షాపు వెనక రేకుల గదిలో కంప్రెసర్, పక్కన వరసగా సిలిండర్లు, వాటిని చల్లబరిచే నీళ్ళ తొట్టి. ఇదివరకు పొలంలో ఆయిలింజను తిప్పిన చేతులివి. అప్పుడు నీళ్ళు తోడేవి, ఇప్పుడు గాలి కూరుతున్నాయి. తెల్లారేసరికి సిలిండర్లు నింపి, పడవలోకి ఎక్కించి, పడవ కూడా నేనే నడిపేవాణ్ణి. నాకు ఈత రాదు. వచ్చా అని ఎవరూ అడగలేదు, రాదని నేనూ చెప్పలేదు.

ఈ ఉద్యోగం వేయించింది నా బావమరిది. స్కూల్లో పేరున్న ఇన్‌స్ట్రక్టర్ వాడే. అందరూ వాణ్ణి హీరో అంటారు. ఆ పేరు వాడికి వాడే పెట్టుకున్నాడని నా అనుమానం. మధ్యాహ్నం భోజనం రోజూ మా ఇంట్లోనే. వాడు గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వింటే చాలు, నా భార్య గిన్నెలో గరిట లోతుగా ముంచుతుంది.

వాడి పాఠం పన్నెండు నిమిషాలు. గడియారం చూసి మరీ చెబుతున్నాను. మొదటి నాలుగు నిమిషాలు వాడి కథ: ఎన్ని సముద్రాల్లో మునిగాడు, సొరచేప వాడి కళ్ళలోకి ఎలా చూసింది, చూసి ఎలా సిగ్గుపడి పోయింది. తర్వాతి నాలుగూ జోకులు. మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతులన్నీ మిగిలిన నాలుగింట్లో.

"సార్, మేడమ్, ఇటు చూడండి. చూపుడువేలు, బొటనవేలు ఇలా కలిపితే ఓకే. నేను ఓకేనా అంటే మీరూ ఓకే అనాలి. అంతే సార్, కింద ఇంకో భాష లేదు!"

అందరూ నవ్వుతారు. అందరూ వేళ్ళు కలిపి చూపిస్తారు. ఫోటో తీయడం అవుతుంది.

"ఊపిరి బిగబట్టకండి. నోటితోనే పీల్చండి. సిలిండర్ వాల్వు పూర్తిగా తిప్పాలి, పావు చుట్టు వెనక్కి తేవాలి. అది నేను చూసుకుంటాలెండి. ఎవరికైనా భయమా?"

పక్కన కొత్త పెళ్ళాన్ని పెట్టుకుని భయమని ఏ మగాడంటాడు? పావు చుట్టు వెనక్కి ఎందుకు తేవాలో హీరోకి తెలీదు. వాడికి నేర్పినవాడు అలా అన్నాడు. ఆ నేర్పినవాడికి ఇంకెవడో అన్నాడు. అడిగినవాడు లేడు.

సాయంత్రానికి ప్లాస్టిక్ తొడుగులో సర్టిఫికెట్ చేతికొచ్చేది. దాన్ని రెండు చేతులా పట్టుకుని మురిసిపోయి, ఫోన్‌లో ఐదు చుక్కలూ నొక్కి, 'భయమన్నదే తెలియనివ్వలేదు' అని రాసి వెళ్ళేవాళ్ళు. భయం తెలియనివ్వకపోవడమే చదువైతే, కళ్ళకు గంతలు కట్టేవాడికి మించిన గురువు ఉండడు. మా యజమాని ఆ చుక్కలు చూసుకుని పొంగిపోయేవాడు. ఫ్యాను కింద కుర్చీలో ఆయన కూర్చుంటే కుర్చీ ఎక్కడ అయిపోయిందో, ఆయన ఎక్కడ మొదలయ్యాడో చెప్పడం కష్టం. ఆయన పాదం తడవగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ సీజన్లోనే ఇంకో ఇన్‌స్ట్రక్టర్ వచ్చింది. నలభై దాటిన మనిషి. ఉప్పుగాలికి పగిలిన పెదాలు, మెడలో ఈల, నవ్వంటే ఏమిటో తెలియని మొహం. వచ్చిన రోజే ఆరుగురిని నడుములోతు నీళ్ళలోకి తీసుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చోబెట్టింది. సాయంత్రం దాకా లేవనివ్వలేదు. మాస్కులోకి నీళ్ళు రానివ్వండి, ముక్కుతో ఊదేయండి. నోట్లో గొట్టం వదిలేయండి, తడుముకుని మళ్ళీ పెట్టుకోండి. పక్కవాడికి గాలి అయిపోయింది, మీ రెండో గొట్టం ఇవ్వండి. మళ్ళీ. మళ్ళీ. హీరో ఆవిడకి పంతులమ్మ అని పేరు పెట్టాడు. ఆ పేరు అతుక్కుపోయింది. మర్నాడు ఆరుగురిలో ఇద్దరు హీరో దగ్గరికి ఫిరాయించారు, మోకాళ్ళు నొప్పులట.

రెండో రోజు పంతులమ్మ నా రేకుల గదిలోకి వచ్చింది. ఒక సిలిండర్ కొంచెం విప్పి, వచ్చిన గాలిని వాసన చూసింది.

"ఫిల్టరు ఎప్పుడు మార్చారు?"

"సోమవారం."

"పాతది ఉందా? చూపించండి."

చూపించాను. వెలుతురులో పెట్టి తిప్పి చూసింది. ఆ గదిలో నేను పనిచేసిన కాలమంతటిలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"మీ హీరోగారు వాల్వు పావు చుట్టు వెనక్కి తెస్తాడట కదా?"

"తెస్తాడు."

"మీరేమంటారు?"

"నేను గాలి నింపేవాణ్ణి మేడమ్."

ఆవిడ నన్ను కూడా ఆ ఫిల్టరును చూసినట్టే చూసింది. "ఏదో ఒకరోజు చెయ్యి తికమక పడుతుంది. తెరవబోయి పూర్తిగా మూసేస్తారు, వెనక్కి తెస్తున్నామనుకుని పావు చుట్టు తెరుస్తారు. మీటర్లో ముల్లు నిండుగానే చూపిస్తుంది. పైన ఊపిరీ బాగానే ఆడుతుంది. పన్నెండు మీటర్లు దిగాక తెలుస్తుంది, పీల్చినకొద్దీ గాలి రాదు. అందుకే తెరిస్తే పూర్తిగా తెరవాలి, అక్కడ వదిలేయాలి. దిగేముందు ముల్లు చూస్తూ మూడు ఊపిర్లు తీయాలి. ముల్లు ఊగిందా, వాల్వు సరిగ్గా లేదన్నట్టు. ఇంతే. దీనికి సొరచేపలు అక్కర్లేదు."

ఆ వారంలోనే మా ఇంట్లో పంచాయితీ వచ్చింది. మా అమ్మాయికి ఇరవై ఏళ్ళు. చదువైపోయింది. చిన్నప్పట్నుంచి చేపపిల్లలా ఈదేది. ఇన్‌స్ట్రక్టర్ అవుతానని పట్టుబట్టింది. అందుకు ఒక సీజను ఎవరో ఒకరి దగ్గర అసిస్టెంటుగా చేయాలి, పంతులమ్మ దగ్గర చేస్తానంది.

"మేనమామ ఉండగా పరాయిమనిషి దగ్గర నేర్చుకోవడమేంటే? నలుగురూ నవ్వరూ?" అంది నా భార్య.

"నవ్వితే నవ్వనీ. మునిగేది నేను కదా."

"ఛీ, అవేం మాటలు! వచ్చేవారమే పడవెక్కిస్తానన్నాడు వాడు. ఆవిడ దగ్గరైతే ఏడాదంతా మోకాళ్ళ మీదే. ఏవండీ, మీరు చెప్పరేం?"

ఇద్దరూ నా వైపు చూశారు. నా చేతికి గ్రీజు ఉంది. దాన్ని గుడ్డతో తుడుచుకుంటూ "మీ ఇష్టం" అన్నాను.

నన్ను ఎరిగినవాళ్ళు నిదానస్తుడంటారు. నోరు జారడు అంటారు. బల్లకి కూడా నోరు జారదు. అమ్మాయి నా వైపు ఇంకాసేపు చూసి, సరే మామయ్య దగ్గరే చేస్తానంది.

అయితే నాకొకటి తెలుసు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ, డైవింగ్ సూట్లు ఉతకడానికని వెళ్ళిన మా అమ్మాయి నడుములోతు నీళ్ళలో పంతులమ్మ ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చునేది. కంప్రెసర్ గది కిటికీలోంచి కనిపించేది. గొట్టం తీసి ఇవ్వడం, పట్టుకుని మెల్లగా లేపడం, మళ్ళీ కూర్చోవడం. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు. నా మౌనం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే అదొక్కసారే.

ఒక్కసారి మాట్లాడానండోయ్. పడవలో, జనం సూట్లు తొడుక్కుంటుంటే, బావమరిది దగ్గరికి వెళ్ళి గొంతు తగ్గించి అన్నాను: "ముల్లు చూస్తూ మూడు ఊపిర్లు తీయిస్తే మంచిదేమోరా."

వాడు గొంతు పెంచాడు. "విన్నారా సార్! మా బావ నాకు డైవింగ్ నేర్పిస్తున్నాడు! బావా, నీళ్ళు మోకాలు దాటితే నువ్వు నిచ్చెన అడుగుతావు కదా?"

పడవంతా ఒకటే నవ్వు. "నువ్వు సిలిండర్లు చూసుకో బావా, మనుషుల్ని నేను చూసుకుంటా," అని భుజం తట్టాడు. నేను చుక్కాని దగ్గరికి వెళ్ళిపోయాను. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

వారం తిరిగింది. ఆ రోజు ఆరుగురు వచ్చారు. అందులో ఒకాయన రిటైరైన హెడ్మాస్టారు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. హీరో చెప్పిన పన్నెండు నిమిషాల పాఠాన్నీ చిన్న నోటుపుస్తకంలో రాసుకున్నాడు, సొరచేపతో సహా. జీవితమంతా పిల్లలకి పాఠం చెప్పినవాడు, తనకి చెప్పింది పాఠమో కాదో పోల్చుకోలేకపోయాడు. చదువుకున్నవాళ్ళ మీద నాకున్న కాస్త గౌరవం ఆ నోటుపుస్తకంతో పోయింది.

అమ్మాయి అందరి సిలిండర్లూ బిగించి, వాల్వులు పూర్తిగా తెరిచి పెట్టింది. ఆఖర్న హీరో 'ఫైనల్ చెక్' కి వచ్చాడు. అదంతా కెమెరా కోసం. ఒక్కొక్కరి మెడ వెనక చెయ్యి పెట్టి తిప్పినట్టు తిప్పి, పావు చుట్టు వెనక్కి తెచ్చి, వీపు చరుస్తున్నాడు. హెడ్మాస్టారి దగ్గరికి వచ్చేసరికి ఒకావిడ ఫోన్ ఎత్తి వీడియో తీస్తోంది. వాడు ఆవిడ వైపు తిరిగి సొరచేప సిగ్గు సంగతి మళ్ళీ ఎత్తుకున్నాడు. వెనక చెయ్యి దాని పని అది చేస్తోంది.

నేను మూడు గజాల దూరంలో ఉన్నాను. మర తిప్పే మణికట్టును చూడటం నాకు అలవాటు. వాడి మణికట్టు అటు తిరగాల్సింది ఇటు తిరిగింది. ఒక చుట్టు. రెండో చుట్టు. ఆగింది. పావు చుట్టు వెనక్కి వచ్చింది. వీపు చరిచాడు.

నేను నోరు తెరిచాను. సరిగ్గా చూశానో లేదో అనుకున్నాను. మళ్ళీ నవ్వుతారనుకున్నాను. హెడ్మాస్టారు మీటరు చూసుకుని నిండుగా ఉందని తృప్తిపడి, రెండు ఊపిర్లు పీల్చి, వేళ్ళు కలిపి అందరికీ ఓకే చూపించాడు. నాకు కూడా చూపించాడు. వెనక్కి వాలి నీళ్ళలోకి దొర్లాడు.

ఎనిమిది మంది దిగారు. ఎనిమిది చోట్ల బుడగలు లేచాయి. పడవ ఇంజను ఆపేశాను. బుడగల్ని చూస్తూ కూర్చున్నాను. అవి గుంపుగా రాతిగుట్ట వైపు సాగాయి. సముద్రం పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది. ఈత రానివాడు అంతకంటే ఏం చేయగలడు? మూడు గజాలు నడిచి ఒక మాట చెప్పగలిగేవాడు. ఆ పని అయిదు నిమిషాల కిందట చేయవలసింది.

ఒక చోట బుడగలు పలచబడ్డాయి. గుంపులోంచి ఇంకో వరస విడివడి ఆ పలచటి వరస దగ్గరికి వచ్చింది. రెండూ ఒకటైపోయాయి. తర్వాత ఆ ఒక్క వరస పైపైకి, పెద్దదవుతూ, నెమ్మదిగా, ప్రాణం తీసేంత నెమ్మదిగా వచ్చింది. రెండు తలలు తేలాయి. హెడ్మాస్టారి నోట్లో ఉన్నది మా అమ్మాయి రెండో గొట్టం. అమ్మాయి చెయ్యి ఆయన భుజంపట్టీని పిడికిలితో పట్టుకుని ఉంది.

ఇద్దర్నీ పైకి లాగాను. ఆయన పెదాలు నీలంగా మారాయి. దగ్గు ఆగాక మొట్టమొదట అన్న మాట, "క్షమించు తల్లీ, నీకు శ్రమ ఇచ్చాను."

"ముల్లు ఊగుతోంది నాన్నా," అంది అమ్మాయి, వగర్చుతూ. "ఆయన ఊపిరి తీసిన ప్రతిసారీ పడిపోయి లేస్తోంది. మామయ్య ఎదురుగా వచ్చి ఓకేనా అని అడిగాడు. ఈయన ఓకే అని చూపించాడు. మామయ్య ఫోటో తీసుకుని వెళ్ళిపోయాడు."

"అడిగితే ఓకే అనమన్నారు కదమ్మా," అన్నాడు హెడ్మాస్టారు. నోటుపుస్తకంలో అలాగే రాసుకున్నాడు మరి.

ఇరవై నిమిషాల తర్వాత హీరో తేలాడు, మిగిలిన వాళ్ళతో. నిచ్చెన పట్టుకుని నవ్వాడు. "ఏంటి సార్, పైకొచ్చేశారు? చేపలు నచ్చలేదా?"

"గాలి అందలేదండీ."

"కంగారు సార్. మొదటిసారి అందరికీ అవుతుంది."

"అంతేనంటారా? అంతే అయ్యుంటుంది. నాకు మొదట్నుంచీ ధైర్యం తక్కువ."

పడవలో అందరూ ఆయన్ని ఓదార్చడం మొదలుపెట్టారు. ఒకావిడ బిస్కెట్లు ఇచ్చింది. చావు తప్పించుకుని వచ్చినవాడు పిరికివాడయ్యాడు, వాణ్ణి చావుకి పంపినవాడు తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. అమ్మాయి మాత్రం వంగి ఆ సిలిండర్ వాల్వు పట్టుకుని తెరవబోయింది. అది తిరిగింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ దాదాపు తిరిగింది. అమ్మాయి మేనమామ మొహంలోకి చూసింది.

వాడి కళ్ళు ఒక్క క్షణం బెదిరాయి. వెంటనే సర్దుకున్నాడు. "నువ్వు సరిగ్గా తెరవలేదా అమ్మడూ? పర్లేదులే, కొత్త కదా. సార్, మా మేనకోడలు, ఇంకా నేర్చుకుంటోంది. ఈసారికి క్షమించేయండి."

హెడ్మాస్టారు పెద్దమనసుతో తలూపాడు. క్షమించేశాడు. బిస్కెట్లావిడ అమ్మాయి వైపు చూసి పెదవి విరిచింది. అమ్మాయి చెయ్యి వాల్వు మీదే ఉండిపోయింది. మొహం తెల్లబోయింది. ఇంత జరిగాక ఆ పిల్లకి ఇంకెవడు సిలిండర్ అప్పజెబుతాడు?

"అమ్మాయి పూర్తిగానే తెరిచింది," అన్నాను.

పడవలో అందరూ నా వైపు తిరిగారు. నా గొంతు వాళ్ళకి కొత్త.

"నువ్వు మూశావు. కబుర్లు చెబుతూ అటు తిప్పాల్సింది ఇటు తిప్పావు. పావు చుట్టు తెరిచి వదిలేశావు. నేను చూశాను."

"బావా!"

"చూశాను."

హీరో నోట మాట రాలేదు. ఆ సీజన్లో అదే మొదటిసారి. కానీ నేనది చూసుకుని సంతోషించే వీల్లేకపోయింది. అమ్మాయి నా వైపు తిరిగింది.

"చూశావా నాన్నా?"

"ఊఁ."

"ఎప్పుడు? ఆయన దిగకముందా?"

నేను ఇంజను స్టార్ట్ చేశాను.

యజమాని నన్నూ బావమరిదినీ ఫ్యాను కిందికి పిలిచి, "ఇంటి గొడవలు ఇంట్లో పెట్టుకోండయ్యా," అన్నాడు. ఆయన దృష్టిలో అది ఇంటి గొడవ. హెడ్మాస్టారు సాయంత్రం మళ్ళీ వచ్చాడు, ఫిర్యాదు చేయడానికి కాబోలు అనుకున్నాను. సర్టిఫికెట్ తీసుకోవడానికి వచ్చాడు. హీరోతో ఫోటో కూడా దిగాడు. హీరో మర్నాటి నుంచీ యథాప్రకారం. పాఠంలోంచి పావు చుట్టు ముక్క ఒకటి తీసేశాడు. దాంతో పాఠం కొంచెం తగ్గింది, సొరచేపకి ఇంకాస్త చోటు దొరికింది.

అమ్మాయి మర్నాడు తెల్లారగానే వెళ్ళి పంతులమ్మ దగ్గర చేరింది, అందరూ చూస్తుండగా, మొదటి పాఠం నుంచి. రోజూ నేను నింపిన సిలిండర్లు తీసుకోవడానికి నా గదికి వచ్చేది. ఒక్కొక్కటీ బిగించి, వాల్వు తెరిచి, ముల్లు చూస్తూ మూడు ఊపిర్లు తీసేది. నా ఎదురుగానే. అన్నీ బాగున్నాయని కూడా చెప్పేది కాదు. భుజాన వేసుకుని వెళ్ళిపోయేది.

బావమరిది భోజనానికి రావడం మానేశాడు. నా భార్య నాతో అవసరమైన మాటలే మాట్లాడింది: గొళ్ళెం పెట్టండి, సబ్బు అయిపోయింది. ఒక్కరోజు మాత్రం నా దారికి అడ్డుపడి, "నలుగురిలో నా తమ్ముణ్ణి తలెత్తుకోకుండా చేశారు," అంది. అప్పుడు మూడో మనిషిలా అమ్మాయి గుమ్మంలో నిలబడి వింటోంది. ఒకామెకి నేను మాట్లాడినందుకు కోపం, ఒకామెకి మాట్లాడనందుకు. బావమరిది మీద విరిచినంత తేలిగ్గా నా మీద నేను పెదవి విరుచుకోలేకపోయాను. అదొకటి ఆలస్యంగా నేర్చుకున్నాను.

సీజను ఆఖరి వారం, మళ్ళీ మబ్బు కమ్మిన ఒక మధ్యాహ్నం, నా భార్య వెళ్ళి తమ్ముణ్ణి పిలుచుకొచ్చింది. వాడు గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చున్నాడు. అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చి వాడి పక్కన కాకుండా, నా పక్కన కాకుండా, గోడవైపు కూర్చుంది. నలుగురికీ ఒకేసారి అన్నం వడ్డించి నా భార్య కూడా కూర్చుంది.

బావమరిదికి ఏదో ఒక కోత కోయాలని నాలుక దురద పెడుతోందని తెలుస్తోంది. మెతుకులతో దాన్ని మింగుతున్నాడు. నేను కూర బాగుందని అందామనుకున్నాను. కూర గిన్నె అమ్మాయి దగ్గర ఉంది. నా కంచంలో అన్నం మిగిలిపోవడం ఆ పిల్ల ఎప్పుడు చూసిందో, నా మొహంలోకి చూడకుండానే గిన్నెని నా వైపు జరిపింది. వేసుకున్నాను. కలుపుకున్నాను. తిన్నాం.